చందాదారులు కోట్లలో, నష్టాలు వేల కోట్లలో

2019 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు వొడాఫోన్ ఐడియా రూ.50,921 కోట్ల నష్టం చూపింది. మన దేశంలో అప్పటిదాకా ఏ కంపెనీకీ ఒక్క త్రైమాసికంలో అంత నష్టం రాలేదు. ఆ రోజుకు దాని చందాదారులు 30 కోట్ల పైమాటే.

కథ 1990ల మధ్యలో మొదలైంది. దేశాన్ని దాదాపు రాష్ట్రానికొకటి చొప్పున సర్కిళ్లుగా విడదీసి ఇచ్చిన మొబైల్ లైసెన్సులను కంపెనీలు పోటీపడి భారీ మొత్తాలకు పాడుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ వచ్చాయి. వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాల్సిన రోజులవి. వాడేవారు కొద్దిమంది, ఫీజు కొండంత. చివరికి 1999 టెలికాం విధానం స్థిర ఫీజు ఎత్తేసి, ఆదాయంలో వాటా ఇస్తే చాలంది.

కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ ఆదాయమంటే ఏమిటన్న చిక్కు తేలలేదు. అద్దెలు, వడ్డీల మీద వచ్చేది కూడా లెక్కలోకి వస్తుందని ప్రభుత్వం, రాదని కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాయి. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. బకాయిల్లో అసలు కన్నా వడ్డీ, జరిమానాలే ఎక్కువ. ఆ భారాన్ని కంపెనీలు సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికం లెక్కల్లోనే చూపాయి. అందుకే వొడాఫోన్ ఐడియాకు అంత నష్టం, ఎయిర్‌టెల్‌కూ రూ.23 వేల కోట్ల నష్టం వచ్చాయి. ఆదుకోవడానికి తెచ్చిన విధానమే ఇరవై ఏళ్లకు మెడకు చుట్టుకుంది.

అయితే తప్పంతా తీర్పుదే అనడం కుదరదు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక కనెక్షన్లు ఊపందుకున్నాయి. 2008లో ఇచ్చిన 122 లైసెన్సులతో పోటీ మరీ ముదిరింది. 2009లో సెకనుకు పైసా లెక్క వచ్చింది. కొత్తగా చేరేవారు ఎక్కువగా చిన్న రీచార్జులవారే. వారి ఊళ్లకు టవర్లు, టవర్లకు డీజిలు, రద్దీకి అదనపు స్పెక్ట్రం, అంటే సిగ్నళ్లు మోసే రేడియో తరంగాలు, కావాలి. 2010లో 3జీ వేలానికే కంపెనీలు రూ.67,719 కోట్లు పెట్టాయి. అందులో చాలావరకు అప్పు. 2016 సెప్టెంబరులో జియో ఉచిత డేటాతో దిగేసరికి ఆ అప్పులు తీర్చే దారి మూసుకుపోయింది. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. టాటాలు మొబైల్ వ్యాపారాన్ని ఎయిర్‌టెల్‌కు అప్పగించారు. వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి పడ్డ బకాయిల్లో కొంత షేర్లుగా మారి, 2025లో కంపెనీలో దాదాపు 49 శాతం ప్రభుత్వం చేతికి వచ్చింది.

పోటీలో మూడు ప్రైవేటు కంపెనీలు, బీఎస్‌ఎన్‌ఎల్ మిగిలాక ధరలు పెరిగాయి. నా దృష్టిలో లాభాన్ని తెచ్చింది ఇదే, చందాదారుల సంఖ్య కాదు. 2024 జులైలో టారిఫ్ పెంచాక, ఆ త్రైమాసికంలో జియోను కోటి మందికి పైగా వదిలిపోయారు. లాభం మాత్రం పెరిగింది.