హైదరాబాద్ బండలకు గుండ్రటి రూపం ఎలా వచ్చింది?

డిగ్రీలో భూగోళశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి ఈమధ్య ఇలా అడిగింది: "సార్, మాకు భూస్వరూపాలు ఒక యూనిట్, శీతోష్ణస్థితి ఇంకో యూనిట్. దేనికది బట్టీ పట్టి రాస్తే మార్కులు వచ్చేస్తున్నాయి. అసలు ఈ రెండింటికీ సంబంధం ఏంటి?"

ఈ ప్రశ్న క్లాసులో మొదటి రోజే రావాలి. వాతావరణంలోని పొరలు, పవనాల పట్టీలు వగైరా పాఠ్యపుస్తకంలో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు జవాబు కళ్లెదుటే ఉంది. ఖాజాగూడ గుట్టల్లో, జూబ్లీహిల్స్ సందుల్లో, గోల్కొండ కోట గోడల పక్కన ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న బండలు చూడండి. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటి గ్రానైట్ అది. భీముడు పేర్చాడని పల్లెల్లో కథలు చెప్పుకుంటారు. కథగా నాకూ ఇష్టమే. కానీ పరీక్షలో "పగటి వేడికి వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి రాయి పగిలి గుండ్రంగా మారింది" అని రాసి అక్కడితో ఆపేస్తేనే నాకు బాధ.

ఎందుకంటే దాన్ని పరీక్షించి చూశారు. 1936లో డేవిడ్ గ్రిగ్స్ అనే శాస్త్రవేత్త ఒక గ్రానైట్ ముక్కను దాదాపు 110 డిగ్రీల తేడాతో వేడి చేస్తూ, చల్లారుస్తూ పోయాడు. ఒకసారి కాదు, 89,400 సార్లు. అంటే 244 ఏళ్ల పగళ్లూ రాత్రులూ. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినా రాయిలో మార్పు కనబడలేదు. తర్వాత పొడి గాలికి బదులు నీళ్లు చల్లి చల్లార్చాడు. రెండున్నరేళ్లకు సమానమైన సార్లకే రాతి ముఖం దెబ్బతినడం మొదలైంది. అప్పటికే ఉన్న చీలికను పెంచడంలో ఎండకు వాటా ఉందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి, అది నిజమే. అయినా మన గుండ్లకు ఆ ఆకారం రావడంలో పెద్ద చెయ్యి నీటిదే. అదీ చాలావరకు నేల పైన కాదు, నేల లోపల.

ఎలాగో చూద్దాం. ఈ గ్రానైట్ భూమి లోపల కిలోమీటర్ల లోతున గడ్డకట్టింది. పైనున్న శిల అరిగిపోతున్నకొద్దీ బరువు తగ్గి, రాయి సాగి, నిలువుగా, అడ్డంగా చీలికలు పడ్డాయి. వాటినే సంధులు అంటారు. అంటే రాయి ముందే పెద్ద పెద్ద పెట్టెల్లా విడిపోయి ఉంది. వాననీరు ఆ సంధుల్లోకి దిగుతుంది.

ఇక్కడ ఒక పటికబెల్లం ముక్క తీసుకోండి. నోట్లో వేసుకోగానే ముందు గుచ్చుకునేది మూలలే, ముందు పోయేదీ మూలలే. ఆ తర్వాత అంచులు నున్నబడతాయి, ముక్క గుండ్రటి పలుకైపోతుంది. కారణం లెక్కలో ఉంది. మూడు మీటర్ల భుజం ఉన్న రాతి ఘనాన్ని మీటరు ముక్కలుగా ఊహించుకోండి, మొత్తం 27. మూలల్లోని 8 ముక్కలకు మూడేసి వైపుల నుంచి నీరు తగులుతుంది. అంచుల్లోని 12 ముక్కలకు రెండేసి వైపులు. ముఖాల మధ్యనున్న 6 ముక్కలకు ఒక్కటే వైపు. నడిబొడ్డున ఉన్న ఒక్కదానికి ఏమీ తగలదు. కాబట్టి చెక్కేవాడు లేకపోయినా ఘనం గోళం వైపే పోతుంది.

పటికబెల్లాన్ని కొరికి రెండు చేస్తే త్వరగా కరుగుతుంది. సంధులు దగ్గరదగ్గరగా ఉన్నచోట గ్రానైట్ మొత్తం మొరమైపోయి అక్కడ లోయ పడుతుంది, చెరువు నిలుస్తుంది. సంధులు దూరందూరంగా ఉన్నచోట పెద్ద గుండ్లు మిగులుతాయి. సంధులు మరీ తక్కువైతే మౌలాలి గుట్టలాంటి ఏకశిల నిలబడుతుంది. ఇక సగం కరిగిన ముక్కను తీసి పొడి పళ్లెంలో పెడితే కరగడం ఆగిపోతుంది. నేలలోంచి బయటపడ్డ గుండు పరిస్థితి కూడా అంతే. వాన పడగానే నీరు జారిపోతుంది, గంటలో రాయి ఆరిపోతుంది. మట్టిలో ఉన్నదాన్ని మాత్రం నెలల తరబడి తడి వదలదు. చివరిగా, ముక్కను సగం నీళ్లలో నిలబెడితే అడుగు సన్నబడి పైభాగం లావుగానే ఉండిపోతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని మష్రూమ్ రాక్ లాంటి ఆకారాలను ఈ కోణంలోనే చూడాలి. ఎడారి పాఠంలోని, రాయిని చెక్కే ఇసుక గాలిని తెచ్చి ఇక్కడ అతికించనక్కర్లేదు, మట్టికి ఆనుకున్న పాదం దగ్గరి తేమ చాలు.

అయితే గ్రానైట్ బెల్లంలా మొత్తంగా కరగదు. వానచుక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లమవుతుంది, పీహెచ్ సుమారు 5.6. మట్టిలో వేళ్లు, సూక్ష్మజీవుల శ్వాస వల్ల ఆ వాయువు బయటికంటే పదుల రెట్లు ఎక్కువ. ఆ నీటిలోని హైడ్రోజన్ అయాన్లు గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో ఉన్న పొటాషియం, సోడియం అయాన్లను తోసేసి వాటి స్థానంలో చేరతాయి. స్ఫటికం కూలి కేయోలిన్ అనే తెల్ల బంకమన్ను అవుతుంది, కొంత సిలికా నీటితో పోతుంది. నల్ల అభ్రకమైన బయోటైట్ అంతకుముందే ఇనుము ఆక్సీకరణం చెంది ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న పలుకులను విడగొడుతుంది. క్వార్ట్జ్ మాత్రం చెక్కుచెదరక ఇసుకగా మిగులుతుంది. రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది. శీతోష్ణస్థితి యూనిట్ భూస్వరూపాల యూనిట్‌లోకి వచ్చి కలిసేది సరిగ్గా ఇక్కడే, ఎంత వేడి, ఎంత తడి, ఎన్నాళ్లు తడి అన్నదాంట్లో.

ఇదంతా చూడాలంటే గచ్చిబౌలి వైపు ఏదైనా సెల్లార్ గుంట అంచున, భద్రమైన చోట నిలబడితే చాలు. పైన ఎర్రమట్టి, కింద మొరం, ఆ మొరంలో ఇంకా పుట్టని గుండ్లు. గుండు చుట్టూ రాయి పొరలుపొరలుగా ఊడుతుంటుంది. ఆ పొర ముక్కను చేతిలోకి తీసుకుంటే ఫెల్డ్‌స్పార్ గోటికి పొడి అవుతుంది, అభ్రకం రంగు మారి ఇత్తడిలా మెరుస్తుంది. బోరు వేసేవాళ్లకు ఈ హద్దు మనకంటే బాగా తెలుసు. మొరం ఉన్నంతవరకు కేసింగ్ దింపుతారు, గట్టి రాయి తగిలి బూడిదరంగు పొడి రాగానే ఆపుతారు. ముందు నేలలో శైథిల్యం, అంటే రాయి ఉన్నచోటే శిథిలమవడం, తర్వాత మొరం కొట్టుకుపోయి గుండ్లు బయటపడటం అనే రెండు దశల వివరణను ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ గ్రానైట్ గుట్టలకు 1955లో డేవిడ్ లింటన్ చెప్పాడు. మన గుంటల్లో రెండు దశలూ ఒకేచోట దొరుకుతాయి.

మరి మన ఊరి శీతోష్ణస్థితి ఏ రకం? శీతోష్ణస్థితులను అక్షరాల గుర్తులతో వర్గీకరించే కొప్పెన్ పద్ధతిలో లెక్క వేద్దాం. వాన ఎక్కువగా వేసవి అర్ధసంవత్సరంలో పడే చోట, సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించి 280 కలపాలి. హైదరాబాద్ సగటు సుమారు 26.5 డిగ్రీలు. అంటే హద్దు 810 మిల్లీమీటర్లు. మన వర్షపాతం 800 అటూఇటూ. హద్దు దాటితే సవానా (తడి కాలం, పొడి కాలం విడివిడిగా ఉండే వేడి రకం), దాటకపోతే అర్ధశుష్కం. మనం గీత మీదే ఉన్నాం, ఏ ముప్పై ఏళ్ల సగటు తీసుకున్నామన్నదాన్ని బట్టి అటో ఇటో పడతాం! పిల్లల చేత అక్షరాలు బట్టీ పట్టించే బదులు ఈ లెక్క చేయిస్తే ఎంత బాగుంటుందో.

ఇక అదే నైరుతి వాన కురిసే వికారాబాద్ వైపు వెళ్లండి. ఒక్కసారిగా గుండ్లు మాయమవుతాయి. అక్కడిది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా, బసాల్ట్. బల్లపరుపు గుట్టలు, నల్లరేగడి. కాబట్టి శీతోష్ణస్థితి ఒక్కటే రూపాన్ని తేల్చదు, రాయి కూడా తేలుస్తుంది. మూసీ పుట్టే అనంతగిరి గుట్టల మీద బసాల్ట్ పైన లేటరైట్ పొర ఉంది. సిలికా అంతా కడుక్కుపోయి ఇనుము, అల్యూమినియం మిగిలితేనే లేటరైట్ ఏర్పడుతుంది. దానికి వేడితోపాటు ఇప్పటికంటే చాలా ఎక్కువ తడి, దీర్ఘకాలం కావాలి. దక్షిణార్ధగోళం నుంచి జరుగుతూ వచ్చిన ఈ భూభాగం దారిలో భూమధ్యరేఖను దాటింది. ఆ గుట్ట మీది ఎర్రరాయిని ఈ ఏడాది వర్షపాతం పట్టికతో వివరించలేం. అది ఇప్పుడు ఇక్కడ లేని ఒక పాత శీతోష్ణస్థితి చేసిన రాయి.