సుస్థిర ఆహార రంగం చదువులు, కొలువులు: అపోహలు – వాస్తవాలు

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ‘సస్టైనబుల్’, ‘ఆర్గానిక్’ అన్న మాటలు కాలేజీల కరపత్రాల నిండా కనిపిస్తాయి. ఆ మాటల వెనక రోజూ చేయాల్సిన పనేమిటో మాత్రం వాటిలో ఉండదు. అందుకే పిల్లలూ తల్లిదండ్రులూ తరచూ అనే మాటలు కొన్ని తీసుకుని, అసలు సంగతి చెబుతున్నాం.

అపోహ: ఇందులోకి రావాలంటే అగ్రి బీఎస్సీ ఒక్కటే దారి

పంట పండించడం ఇందులో సగమే. మిగతా సగం ఆరబెట్టడం, నిల్వ, మర పట్టడం, రవాణా, తినేవాళ్ల పోషణ. సజ్జపిండినే చూడండి. గింజలో కొవ్వు 5 శాతం దాకా ఉంటుంది. మర పట్టగానే లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వును విడగొట్టడం మొదలుపెడుతుంది, కొద్ది రోజులకే పిండి చేదెక్కుతుంది. మర పట్టే ముందు గింజను మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి ఆరబెడితే ఆ ఎంజైము చాలావరకు పనిచేయదు. చిరుధాన్యాల వ్యాపారం మొదలుపెట్టిన చాలామందికి సరుకు వెనక్కి వచ్చాక గానీ ఇది తెలియడం లేదు. ఇది ఫుడ్ టెక్నాలజీ పని. బాపట్లలో ఆ బీటెక్ ఉంది, ఎంపీసీ వాళ్లూ బైపీసీ వాళ్లూ చేరొచ్చు. ఉద్యానానికి వెంకటరామన్నగూడెం, సిద్దిపేట జిల్లా ములుగు; చేపలకు ముత్తుకూరు; పాలకు తిరుపతి; పోషణ వైపు హైదరాబాద్‌లో కమ్యూనిటీ సైన్స్ కాలేజీ, ఆపై తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉన్నాయి.

అపోహ: ప్రకృతి వ్యవసాయానికి యూనివర్సిటీ చదువెందుకు? జీవామృతం కలపడం రైతుకే తెలుసు

కలపడం తెలుసు, నిజమే. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5–10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, పూటకోసారి కలియబెట్టి ఎకరానికి పారిస్తారు. చదువుకున్నవాడి పని ఆ తర్వాత మొదలవుతుంది. ఇందులో నత్రజని ఎంత? పచ్చిపేడలో 0.4 శాతం అనుకుంటే 40 గ్రాములు, మూత్రంలో 1 శాతం అనుకుంటే మహా అయితే 100, పిండిలో మరో 70. అంతా కలిపితే 200 గ్రాముల చుట్టూ తిరుగుతుంది. పంటకాలంలో 8 సార్లు పారించినా రెండు కిలోలు దాటదు. ఎకరాకు రెండున్నర టన్నుల వడ్లు పండించే వరి నేల నుంచి లాగేది సుమారు 40 కిలోలు.

మరి మిగతాది ఎక్కడిది? నేలను అడగాలి. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 900 టన్నులుంటుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతమైతే నాలుగున్నర టన్నుల కర్బనం, దానితోపాటు 400 కిలోల సేంద్రియ నత్రజని. ఏడాదికి 2–3 శాతం విడుదలైతే 8–12 కిలోలు. ఇంకా లోటే. ఆ లోటును పూడ్చేవి తొలకరికి ముందే వేసే నవధాన్యాల్లోని పప్పుజాతి మొక్కలు, ఘనజీవామృతం (జీవామృతానికి పొడి రూపం), పొలంలోనే వదిలిన గడ్డి, నిలవనీటి వరిలో నాచు. జీవామృతం ఎరువు కాదు, సూక్ష్మజీవులను కదిలించే ద్రవం అని దాని ప్రచారకులే అంటారు. ఆ జీవులకు తిండి ఉండాలి కదా! హార్వెస్టర్‌తో కోయించి, గడ్డి తగలబెట్టి, జీవామృతం డ్రమ్ముల మీదే ఆశ పెట్టుకున్న పొలంలో దిగుబడి పడిపోతే తప్పు పద్ధతిదా, అమలుదా అన్నది ఈ లెక్క వేస్తేనే తేలుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే బహుమతిలో వాటా దక్కింది. మంచిదే, కానీ బహుమతి చూపించి లెక్క మానేస్తే ఎలా?

అపోహ: రావెప్ (అగ్రి బీఎస్సీ చివరి ఏడాదిలో పల్లెలో ఉండి చేసే పని అనుభవం) అంటే ఊళ్లో సెలవులు

ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వేసిన ఐదో డీన్స్ కమిటీ సిలబస్‌లో దీనికి 20 క్రెడిట్లు కేటాయించారు. నాలుగేళ్లలో పొలాన్ని కొలిచే అవకాశం ఇంతగా దొరికేది ఇక్కడే. రికార్డు మాత్రం సీనియర్లది చూసి రాసేయడం పరిపాటి.

మట్టి నమూనా 15 సెంటీమీటర్ల లోతు, ‘వి’ ఆకారంలో తవ్వి, 8–10 చోట్ల తీయాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప ఉన్నచోట వద్దు. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ తీసేస్తూ అరకిలోకు తేవాలి. సంచిలో పెట్టే చీటీ పెన్సిల్‌తో రాయండి, తడి మట్టికి ఇంకు చెరిగిపోతుంది.

దిగుబడి అంచనాకు 5 × 5 మీటర్ల చదరం కోస్తారు. ఏపుగా ఉన్నచోట చదరం పెట్టాలని చెయ్యి లాగుతుంది, అందుకే చోటును చీటీ వేసి ముందే తేల్చుకోవాలి. 10 కిలోలు వచ్చి, తేమ 20 శాతం ఉంటే, ప్రమాణంగా తీసుకునే 14 శాతానికి మార్చాలి: 10 × 80 ÷ 86, అంటే 9.3 కిలోలు. ఎకరాకు సుమారు 1,506. తేమ సరిచేయకపోతే 1,619 అవుతుంది. 75 కిలోల బస్తాల్లో చూస్తే ఒకటిన్నర బస్తా గాలిలో పండినట్టే.

ఇక బస్తా సంగతి. కోస్తాలో వడ్ల బస్తా అంటే 75 కిలోలు, కొనుగోలు కేంద్రంలో 40. ఒకచోట సెంట్లు, ఇంకోచోట గుంటలు: ఎకరాకు 100 సెంట్లు, 40 గుంటలు. ‘ఎన్ని బస్తాలు?’ అని అడిగి, బస్తా ఎంతో అడక్కుండా వచ్చిన సర్వే కాగితం దేనికీ పనికిరాదు.

అపోహ: పేరులో ‘అగ్రి’ ఉంటే ఏ కాలేజీ అయినా ఒకటే

కాదు. చేరే ముందు ఐకార్ గుర్తింపు ఉందా, ఏ సంవత్సరం వరకు ఉందో చూడండి. పీజీ ప్రవేశాల దగ్గర ఈ ప్రశ్న ఎదురవుతుంది.

అపోహ: ఏవో (వ్యవసాయాధికారి) పోస్టు రాకపోతే చదువు వృథా

ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు పోస్టుకు వ్యవసాయ, ఆహార, పాల, పశువైద్య పట్టభద్రులంతా అర్హులే. సొంతంగా పెట్టుకోవాలనుకుంటే అగ్రి క్లినిక్ పథకం 2002 నుంచీ ఉంది: 45 రోజుల ఉచిత శిక్షణ, రుణంతో పెట్టే ప్రాజెక్టుకు 36 శాతం రాయితీ, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 44 శాతం.

మరో దారి రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో సీఈవో కొలువు. ఇక్కడ కాస్త జాగ్రత్త. 2020లో వచ్చిన 10 వేల సంఘాల పథకం కింద సీఈవో జీతానికి నెలకు 25 వేల దాకా సాయం అందేది మూడేళ్లే. ఆపైన సంఘం తన లాభంలోంచి ఇవ్వాలి. ఏడాదికి 3 లక్షలు. ఎరువులు, విత్తనాల అమ్మకంలో ఖర్చులు పోను 2 శాతం మిగిలితే, ఒక్క మీ జీతానికే కోటిన్నర వ్యాపారం కావాలి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు సంఘం ఏర్పడి ఎన్నేళ్లయిందో కనుక్కుని, గత రెండేళ్ల ఆడిట్ నివేదికలు చూపించమని అడగండి. చూపించడానికి వెనకాడితే ఆ కొలువు మూడేళ్ల ముచ్చటే అనుకోవచ్చు.