లాయర్లు వద్దనుకున్న కోర్టు

ఫ్యామిలీ కోర్టు వరండాలో ఓ పూట కూర్చుంటే తెలుస్తుంది. వచ్చే ఆడవాళ్లలో చాలామంది చేతిలో ఓ ప్లాస్టిక్ కవరు, అందులో శుభలేఖ, పెళ్లి ఫొటో, ఆధార్ జిరాక్సు. పక్కనే నల్లకోటు. తమాషా ఏంటంటే ఈ కోర్టు పెట్టిందే నల్లకోట్ల హడావుడి తగ్గించడానికి.

దీని గురించి మొదట్లోనే గట్టిగా మాట్లాడింది మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చి, మనకూ ఇలాంటివి కావాలని జడ్జీలతోనూ నెహ్రూతోనూ చర్చించారు. ఆవిడ స్వయంగా లాయరు! మొగుడూ పెళ్లాల గొడవని స్థలం తగాదాలా చూడొద్దని 1974లో లా కమిషన్ కూడా అంది. చట్టం రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

1984 నాటి ఆ చట్టంలో 13వ సెక్షన్ చూడండి: లాయరుని పెట్టుకోవడం ఇక్కడ హక్కు కాదు, కావాలనుకుంటే కోర్టే సలహాకి ఓ న్యాయవాదిని పిలుచుకుంటుంది. ఇద్దరూ నేరుగా జడ్జితో చెప్పుకుంటారని ఆశ. కానీ విడాకులు ఒంటరిగా రావు కదా, భరణం, పిల్లల కస్టడీ, ఇంకోపక్క మేజిస్ట్రేట్ దగ్గర గృహహింస కేసు, పైగా 2020 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత భరణం అడిగినా, ఇవ్వాల్సొచ్చినా ఆస్తులు, ఆదాయం, ఖర్చులన్నీ అఫిడవిట్‌లో రాయాలి. ఇదంతా ఎవరికివారు చేసుకోగలరా? అందుకే కోర్టు పర్మిషన్‌తో వకాల్తాలు మామూలైపోయాయి.

మరి ఫీజు? దానికి వేరే దారి ఎప్పుడో వేశారు. పరస్పర అంగీకార విడాకులు హిందూ వివాహ చట్టంలోకొచ్చిన 1976లోనే ఉచిత న్యాయ సహాయం రాజ్యాంగంలోకి, 39ఏ అధికరణగా, చేరింది. 1987లో దానికి చట్టం చేశారు, అమలు మాత్రం 1995 నవంబరు 9న. (మనవాళ్ల స్పీడు తెలిసిందే.) దాని ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేదు, తెల్లకార్డు చూపించక్కర్లేదు, ఎస్సీ, ఎస్టీలకీ అంతే. మిగతా మగవాళ్లకి మామూలుగా ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే లాయరుని వాళ్లే పెడతారు, ముందుగా 15100కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

మా చుట్టాలమ్మాయి లాయరు ఫీజు కోసం రెండు గాజులు కుదువపెట్టింది. ప్రతి వాయిదాకీ ఆ సంస్థ బోర్డు ముందు నుంచే నడిచి వెళ్లేది, అదేదో గవర్నమెంటు ఆఫీసనుకుందట.