లేజరు గాయానికి కారణం వెతకడం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

లేజరుతో స్వరపేటికలోని కంతిని తీస్తుండగా గొంతులో మంట లేచిందని పత్రికలో చదివి, "తప్పు యంత్రానిదా, డాక్టరుదా?" అని మీరు అడిగారు. ఆసుపత్రి యంత్రాల మరమ్మతులోనే నా ఉద్యోగమంతా గడిచింది కనుక ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోలేను.

భూతద్దంతో ఎండను ఒక చుక్కగా చేసి ఎండుటాకు మీద నిలిపితే పొగ లేస్తుంది, తడి ఆకు మీద లేవదు. మా చిన్నతనంలో పత్తి ఏరిన చేల గట్ల మీద ఇదే మా ఆట. పక్కన నీళ్ల చెంబు లేనిదే నాన్నగారు అద్దం చేతికిచ్చేవారు కాదు. ఆపరేషన్ గదిలోనూ ఆ జాగ్రత్తే పాటిస్తారు. గొంతుకు వాడే కార్బన్ డయాక్సైడ్ లేజరు కిరణాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది కనుక చుట్టూ తడి గుడ్డ పరుస్తారు, శ్వాసగొట్టం చుట్టూ ఉండే బుడగలో గాలికి బదులు నీలిరంగు కలిపిన సెలైన్ నింపుతారు. గాలిలో 21 శాతమే ఉండే ఆక్సిజన్‌ను బాగా పెంచి ఇస్తే మామూలు ప్లాస్టిక్ గొట్టం సైతం భగ్గుమంటుంది.

భూతద్దపు చుక్క కంటికి కనబడుతుంది. 10,600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఈ లేజరు కిరణం కనబడదు. అందుకే ఎర్రని గురి వెలుగును దానికి తోడుగా పంపుతారు. లోపలి అద్దం కాస్త జరిగినా గురి ఒకచోట, కోత మరొకచోట పడతాయి కనుక, ముందుగా తడి చెక్కపుల్ల మీద కాల్చి సరిచూస్తారు.

ఆకు కాలిందంటే అందులో ఎండకూ, గాలికీ, ఆకుకూ, అద్దం పట్టిన చేతికీ పాలుంటుంది. అందుకే రోగి ప్రాణం కాపాడిన వెంటనే దర్యాప్తు చేసేవారు కోరేది, ఏదీ తుడవవద్దని, ఏదీ పారేయవద్దని. కాలిన గొట్టాన్ని దాచి, యంత్రం ఆపకముందే దాని మీది అంకెలను, ఆక్సిజన్ శాతాన్ని రాసుకుంటారు. యంత్రాలను నడపడానికి కాలితో నొక్కే, పక్కపక్కనే ఉన్న రెండు పెడళ్లలో పొరపాటున వేరొకటి నొక్కారని తేలితే, ఆ రెండింటినీ అలా అమర్చిందెవరని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్నే ముఖ్యమైనదని నా నమ్మకం. మన దేశంలో ఇటువంటి ఘటనలను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లో మొదలైంది. దానిని ఘజియాబాద్‌లో ఉన్న, మందుల నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తోంది.

ఈసారి కంటి ఆసుపత్రికి వెళితే లేజరు గది తలుపు మీద పసుపు హెచ్చరిక త్రిభుజం ఉందేమో చూడండి. దాని కింద తరంగదైర్ఘ్యం రాసి ఉంటే ఆ అంకెను నాకు రాయండి.

మీ తాతయ్య