హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం చూసి వెనుదిరిగేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశ్వాసానికి ఏళ్ల తరబడి దూరమై, తిరిగి సంఘానికి వచ్చినవారికి బైబిలు పాఠాలు చెప్పడం నా పని. కఠినమైన వాక్యభాగాల గురించి వారికి చాలా సందేహాలుంటాయి. అయితే మొదటి రోజు అడిగే ప్రశ్న సాధారణంగా సృష్టి గురించో జలప్రళయం గురించో ఉండదు. గొంతు తగ్గించి, "నాకిక క్షమాపణ లేదట, నిజమేనా?" అని అడుగుతారు.

అపోహ: ఒకసారి తప్పిపోయినవారు తిరిగి రాలేరని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 6:4-6 తేల్చి చెప్పింది.

వాస్తవం: ఆ వచనాలు తేలికైనవని నేను అనను. "మరల నూతనపరచుట అసాధ్యము" అన్న మాటను ఎవరూ చెరపలేరు. కానీ ఆ హెచ్చరిక ఎవరి చెవిన పడాలని వ్రాశారో చూడకుండా దాన్ని ఎదుటివారిమీద విసరడం అన్యాయం. శ్రమల వల్ల డీలాపడి, కొందరు సమాజముగా కూడడమే మానివేస్తున్న విశ్వాసులకు (10:25) ఆ పత్రిక వ్రాయబడింది. గుమ్మం దాటి వెళ్లబోయేవారిని ఆపడానికి పలికిన మాట అది. ఆరవ వచనంలోని మనుష్యులు దేవుని కుమారుని "మరల సిలువవేయుచు", బాహాటంగా "అవమానపరచుచున్నారు". గ్రీకు మూలంలో కూడా ఇవి జరుగుతూ ఉన్న పనిని తెలిపే రూపాలే గనుక, అలా చేస్తున్నంతకాలం అని కొందరు వ్యాఖ్యాతలు అర్థం చెబుతారు; మరికొందరు దానికి ఒప్పుకోరు. ఆ వ్యాకరణ వివాదం తేలేవరకు ఆగనక్కరలేదు. క్షమాపణ కోసం ఏడుస్తూ వచ్చినవాడు ఆయనను బాహాటంగా అవమానపరచుచున్నవాడు కాడని చూడగానే తెలుస్తుంది.

మన తెలుగు బైబిలులో మరో చిక్కు ఉంది. ఇక్కడ "తప్పిపోయినవారు" అని ఉంది. లూకా 15:24లో తండ్రి కూడా కుమారుని గురించి "తప్పిపోయి దొరకెను" అంటాడు. గ్రీకులో ఇవి రెండు వేరువేరు క్రియలు. మొదటిది పక్కకు పడిపోవడం, రెండవది పోగొట్టుకోబడడం. తెలుగు పాఠకుడికి రెండూ ఒకేలా వినబడి, తండ్రి కౌగిలించుకున్నవాడినే పత్రిక తోసివేసినట్లు తోస్తుంది.

ఒకాయన ఈ మూడు వచనాలను చిన్న కాగితంమీద వ్రాసుకొని, నాలుగు మడతలు పెట్టి, జేబులో ఉంచుకొని వచ్చారు. మడతల దగ్గర కాగితం చిరగబోతోంది. పూర్వం ఒక పెద్దమనిషి వాటిని తనకు చదివి వినిపించి, "నీ సంగతి ఇంతే" అన్నారట. నేను బైబిలు తెరిచి ఆయన చేతికిచ్చి, తొమ్మిదవ వచనం పైకి చదవమన్నాను. "అయితే ప్రియులారా" అని మొదలుపెట్టి, రక్షణకరమైన స్థితిలోనే మీరున్నారని రూఢిగా నమ్ముచున్నామన్న చోటికి వచ్చేసరికి ఆయన ఆగిపోయి, "అయ్యగారూ, ఇది కూడా అక్కడే ఉందా?" అని అడిగారు. మూడు వచనాల అవతలే ఉంది. ఆ పెద్దమనిషికి అక్కడిదాకా చదివే ఓపిక లేకపోయింది.

ఈ ప్రశ్న కొత్తదీ కాదు. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞాపించినప్పుడు ఎందరో క్రైస్తవులు లొంగిపోయారు, తరువాత తిరిగి రావాలని కోరారు. వారిని చేర్చుకోకూడదని రోమా సంఘ పెద్ద నొవేషియన్ పట్టుబట్టాడు. రోమా బిషప్పు కొర్నేలియస్, కార్తేజి బిషప్పు సిప్రియన్ మాత్రం పశ్చాత్తాపపడినవారికి తలుపు తెరిచారు. 325లో బిషప్పులు కూడిన నికేయా మహాసభ, నొవేషియన్ కఠిన పక్షం నుండి సంఘంలోకి రాదలచినవారు హింసలో తప్పిపోయినవారితో సహవాసం చేస్తామని వ్రాతపూర్వకంగా ఒప్పుకోవాలని విధించింది.

అపోహ: కోపంలో దేవుణ్ణి తిట్టాను గనుక, క్షమాపణ లేదని యేసు చెప్పిన పరిశుద్ధాత్మ దూషణ చేసినట్లే.

వాస్తవం: మార్కు 3:30 చదవండి. యేసు దయ్యాలను వెళ్లగొట్టడం కళ్లారా చూచి కూడా ఆ శక్తి అపవిత్రాత్మదే అన్న శాస్త్రులకు చెప్పిన మాట అది. దుఃఖంలో నోరు జారినవారిని ఆ వరుసలో నిలబెట్టకండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. తలిదండ్రులను ద్వేషించమని లూకా 14:26 ఆజ్ఞాపించడం లేదు. మత్తయి 10:37 అదే మాటను "నా కంటె ఎక్కువగా" అని విడమరచి చెప్పింది. ఏశావు కన్నీళ్లు (హెబ్రీ 12:17) క్షమాపణ కోసం కాదు, పోగొట్టుకున్న ఆశీర్వాదం కోసమని ఆదికాండము 27వ అధ్యాయం చూస్తే తెలుస్తుంది. కళ్లు మూసుకొని బైబిలు తెరిచి, వేలు పడిన వచనమే దేవుడు మీకిచ్చిన తీర్పు అనుకోవడం మానండి, దయచేసి.

ఆ కాగితం తెచ్చినాయన ఇప్పుడు కీర్తన 137 దగ్గర ఉన్నారు. శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడన్న చివరి వచనం చూసి నాతో గట్టిగా వాదిస్తున్నారు, గొంతు తగ్గించకుండా.