బ్యాగు మీద ‘నెగెటివ్’ అని ఉంటే చాలా? రక్తదానం, హెపటైటిస్: అపోహలు - వాస్తవాలు

అపోహ: “చిన్నప్పుడు పసిరికలైనయి, ఇగ జన్మల రక్తం ఇయ్యరాదు.”

అవి ఏ పసిరికలన్నదే (పచ్చకామెర్లన్నదే) అసలు ప్రశ్న. నీళ్లు, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ (వైరస్ వల్ల లివర్‌కు వచ్చే వాపు) ఎ, ఇ రకాలైతే పూర్తిగా తగ్గాక 12 నెలలు ఆగి ఇవ్వొచ్చు. బి, సి అని తేలితే ఇక ఎప్పటికీ ఇవ్వకూడదు. చిక్కేమిటంటే బి, సి ఉన్నవాళ్లలో చాలామందికి కళ్లు పచ్చబడవు. ‘పసరు మందుతో తగ్గింది’ అనే కేసుల్లో ఎక్కువ భాగం వాటంతట అవే తగ్గేవే.

అపోహ: “రక్తదాన క్యాంపులో నూటికి ఒకరికి హెపటైటిస్ వచ్చింది, అంటే ఊళ్లో కూడా అంతే.”

రక్తదాతలను చూసి ఊరి లెక్క కట్టలేం. వచ్చేది 18–65 ఏళ్లవాళ్లు, హిమోగ్లోబిన్ 12.5 దాటినవాళ్లు, ఎక్కువగా మగవాళ్లు. జబ్బుందని తెలిసినవాళ్లను బ్లడ్ బ్యాంకువాళ్లం ఫారం దగ్గరే ఆపేస్తాం. ఏటా ఇచ్చేవాళ్లు ఇదివరకే పరీక్షలు దాటి వచ్చినవాళ్లు. ఈ చివరి రెండూ లెక్కను తగ్గిస్తాయి.

పెంచేది ఇంకొకటుంది. వెయ్యి మంది దాతల్లో 8 మందికి నిజంగా బి ఉందనుకోండి. కిట్ స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లను లేదని సరిగ్గా చెప్పే శాతం) 99.5 అయితే, మిగతా 992 మందిలో ఐదుగురు ఊరికే రియాక్టివ్‌గా, అంటే వైరస్ ఉన్నట్టుగా, కనిపిస్తారు. రిజిస్టర్‌లో 13 పడుతుంది, అసలు సంఖ్య 8.

ఆ ఐదు కిట్ వల్లే రానక్కర్లేదు. ఎలైజా అంటే రక్తంలో వైరస్ గుర్తులను రంగు మార్పుతో పట్టే పరీక్ష; దాని ప్లేటులో 96 గుంటలుంటాయి. సబ్‌స్ట్రేట్ (రంగు మారే ద్రవం) పోస్తే రియాక్టివ్ గుంట నీలంగా మారుతుంది, ఆ చర్యను ఆపే స్టాప్ సొల్యూషన్ పడగానే పసుపవుతుంది. ప్లేటు కడిగే యంత్రం (వాషర్) సూది ఒకటి మూసుకుపోయి గుంట సరిగా కడగకపోయినా అదే పసుపు. రక్తం పూర్తిగా గడ్డకట్టకముందే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే సీరంలో సన్నటి ఫైబ్రిన్ దారాలు మిగిలి అలాగే మోసం చేస్తాయి. అందుకే రియాక్టివ్ శాంపిల్‌ను మళ్లీ రెండు గుంటల్లో పెట్టి చూడాలి. మొదటి రీడింగులనే కలిపి ‘ఇంత శాతం’ అని రాసే రిపోర్టులను మేం నమ్మం.

అపోహ: “అన్ని టెస్టులూ చేస్తరు గదా, ఫారంల నిజం రాయకున్నా ఏం గాదు.”

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. వైరస్ ఒంట్లో చేరిన రోజే ఎలైజాకు దొరకదు. బి దొరకడానికి సుమారు ఐదు వారాలు, సి యాంటీబాడీ (వైరస్‌పై ఒళ్లు తయారుచేసే ప్రొటీన్) కనిపించడానికి రెండు నెలలకు పైనే పడుతుంది. వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష ఈ గడువును తగ్గిస్తుంది, కానీ సున్నా చేయలేదు. పైగా మన దేశంలో అది తప్పనిసరి కాదు. ఆ సందులో ఇచ్చిన ఒక్క బ్యాగు ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడిపోయి ముగ్గురికి ఎక్కొచ్చు. మేడారం జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నారా? ఫారంలో రాసి, 12 నెలలు ఆగండి. బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది, కాబట్టి సూది తుడిచి వాడినంత మాత్రాన పోదు. టెస్టు ఫ్రీగా అవుతుందని మాత్రం రక్తం ఇవ్వడానికి రాకండి.

అపోహ: “సొంతోళ్ల రక్తమే మంచిది.”

కాదు. ఇంటి పెద్ద ముందు నిలబడి ‘నాకు ఫలానా అలవాటుంది’ అని చెప్పేవాళ్లు తక్కువ. రక్తసంబంధీకుల రక్తాన్ని రేడియేషన్ ఇవ్వకుండా ఎక్కిస్తే, అరుదుగానే అయినా ప్రాణం తీసే రియాక్షన్ కూడా ఉంది.

అపోహ: “బి టీకా వేయించుకున్న, ఈరోజే ఇస్త.”

రెండు వారాలు ఆగండి. పరీక్ష వెతికే యాంటిజెనే (బి వైరస్ పైపొర ప్రొటీన్) టీకాలో ఉంటుంది, కొన్నాళ్లు రిపోర్టు రియాక్టివ్‌గా రావొచ్చు.

అపోహ: “రియాక్టివ్ అని ఫోనొచ్చింది, ఇగ లివర్ ఖరాబైనట్టే.”

అది జబ్బు నిర్ధారణ కాదు. బి అయితే మళ్లీ హెచ్‌బీఎస్‌ఏజీ (ఆ పైపొర యాంటిజెన్ పరీక్ష), లివర్ పరీక్షలు, డీఎన్‌ఏ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది) చేయించాలి. ఇంట్లోవాళ్లకు కూడా పరీక్ష చేయించి, లేనివాళ్లకు 0, 1, 6 నెలల టీకా వేయించాలి. సి అయితే వైరస్ ఇంకా ఒంట్లో ఉందో లేదో చెప్పే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించాలి. అది పాజిటివ్ వస్తే చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. ఇదంతా జరగాలంటే క్యాంపు ఫారంలో ఫ్రెండ్ నంబరు కాకుండా మీ నంబరే రాయండి.