విదేశీ దత్తతలో పెరిగినవాళ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: దత్తత ఫైల్లో "అనాథ" అని ఉంటే కన్నవాళ్లు లేనట్టే.

వాస్తవం: ఆ మాట చాలాసార్లు బిడ్డను విదేశానికి పంపడం కోసం రాసింది. కన్నవాళ్లెవరో తెలిసిన పిల్లల్ని కూడా అనాథలుగా నమోదు చేసి విదేశాలకు పంపారని దక్షిణ కొరియా సత్యశోధన కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. పుట్టినతేదీ కూడా ఒక్కోసారి డాక్టరు అంచనానే, లేదా బిడ్డ దొరికిన రోజే. ఫైలును జిరాక్స్ తీసి, ప్రతి వివరం పక్కనా "ఎవరు చెప్పారు, ఎప్పుడు రాశారు" అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తల్లి చెప్పింది వేరు, గుమాస్తా నింపింది వేరు. అనువాదం ఒక్కటే చాలదు, అసలు భాషలోని పేజీలు కూడా అడగండి. ఊరిపేర్లు, ముద్రలు, మార్జిన్‌లో చేతిరాత: అనువాదంలో జారిపోయేవి ఇవే.

అపోహ: "ప్రేమ ఉంది కాబట్టే మీ అమ్మ నిన్ను ఇచ్చేసింది" అంటే బిడ్డ ఊరట పడుతుంది.

వాస్తవం: పడదు. "మరి మీకూ నేనంటే ప్రేమే కదా, మీరూ ఇచ్చేస్తారా?" అన్నది అయిదేళ్ల బుర్రకు తట్టే తర్వాతి ప్రశ్న. "అప్పుడు నిన్ను పెంచే వీలు లేదని కాగితంలో ఉంది, ఎందుకో మాకు తెలియదు" అనండి. అదీ మాటలు రాని వయసు నుంచే మొదలుపెట్టాలి.

అపోహ: ఆసుపత్రి ఫారంలో కుటుంబ జబ్బుల దగ్గర "లేవు" అని రాస్తే సరి.

వాస్తవం: "తెలియదు" అని రాయాలి. "లేవు" అని చూసిన డాక్టరు వంశపారంపర్య జబ్బులకు తొందరగా చేయించాల్సిన పరీక్షలు వాయిదా వేయొచ్చు.

అపోహ: దత్తత పూర్తయితే పౌరసత్వం వచ్చేసినట్టే.

వాస్తవం: దేశాన్ని బట్టి, ఏడాదిని బట్టి ఉంటుంది. అమెరికాలో పౌరసత్వం దానంతట అదే వచ్చే చట్టం 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది. ఆ రోజుకే 18 నిండినవాళ్లకు అది వర్తించదు. పెంచినవాళ్లు విడిగా దరఖాస్తు పెట్టకపోతే ఆ లోటు నలభై ఏళ్లకు, పాస్‌పోర్టు కౌంటర్ దగ్గర బయటపడుతుంది.

అపోహ: డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే అమ్మ దొరుకుతుంది.

వాస్తవం: ఆమో, ఆమె బంధువులో అదే సంస్థ దగ్గర పరీక్ష చేయించుకుని దాని డేటాబేస్‌లో ఉంటేనే. పుట్టిన దేశంలో ఇలాంటి పరీక్షలు చేయించుకునేవాళ్లు తక్కువైతే ముందు దొరికేది దూరపు బంధువులే. ఒకచోట చేయించి, ఆ ముడి డేటాను (పరీక్షలో వచ్చిన డీఎన్‌ఏ వివరాల ఫైలు) దింపుకుని, అలాంటి ఫైళ్లు తీసుకునే ఇతర సైట్లలో కూడా ఎక్కించండి. డీఎన్‌ఏ సగం కలిస్తే కన్నవాళ్లో, సొంత తోబుట్టువో. చిక్కంతా పావు వంతు దగ్గరే: ఒక్క తల్లి వైపునో తండ్రి వైపునో కలిసే అక్క, పిన్ని, అమ్మమ్మ అందరూ అక్కడే పడతారు. వయసు చూసి విడదీసుకోవాలి. కలిసినవాళ్లకు పంపే మొదటి సందేశంలో "దత్తత" అన్న మాట రాయకండి. ఆ బిడ్డ సంగతి కన్నతల్లి తన ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు, ఆ ఖాతా తెరిచేది ఆమె కొడుకో కోడలో కావచ్చు. "మన డీఎన్‌ఏ కలిసింది, మీ కుటుంబం ఏ ఊరు?" అంటే సరిపోతుంది.